టీవీ వెనక నిలబడి చూసిన ముఖాలు

1987 జనవరి 25, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ 'రామాయణ్' మొదలైంది. అప్పటికి నేను జగిత్యాలలో, గడియారం టవరు దగ్గరి ఒక రేడియో దుకాణంలో పని నేర్చుకుంటున్నాను. రేడియోలు తగ్గి టీవీలు పెరుగుతున్న కాలం. హైదరాబాదులో తయారయ్యే ఇ.సి. టీవీలు, వాటితోపాటు డయనోరా, సాలిడేర్ పెట్టెలు ఊళ్లోకి దిగుతున్నాయి. ఎక్కువభాగం నలుపు తెలుపువే. టీవీ కొన్న ఇంటికి పొడవాటి ఇనుప పైపు మీద ఆంటెన్నా ఎత్తడం, ఫీడర్ వైరు లాగడం, బూస్టర్ పెట్టడం, బొమ్మ నిలబెట్టడం మా పని.

రామాయణం వచ్చినాక మాకు ఆదివారం సెలవు లేకుండా పోయింది. దుకాణం తలుపు తీయకముందే ఎవరో ఒకరు వచ్చి నిలబడేవారు. 'బొమ్మ గిర్రున తిరుగుతుంది' అని ఒకరు, 'మాట ఇనవడుతుంది గని మనిషి కనవడుతలేడు' అని ఇంకొకరు. స్క్రూడ్రైవర్, మీటరు, టంకం సామాను, ఒక చేతి అద్దం సంచిలో వేసుకొని వాళ్ల వెంట పోయేవాణ్ని. ఇంట్లో, వాకిట్లో, కిటికీల దగ్గర జనం. పసుపు కుంకుమ పెట్టిన టీవీ పెట్టె, దాని మీద పూలదండ, పక్కన ఊదుబత్తులు. కొబ్బరికాయ కొట్టే చోటును మాత్రం కాస్త దూరం జరపమని బతిమిలాడేవాణ్ని. నీళ్లు లోపలికి పోతే పెట్టె కాలిపోతుంది.

సీరియల్ నడుస్తుండగానే వెనక మూత విప్పి సరిచేయాలి. తెర నాకు కనిపించదు కాబట్టి ఎదురుగా ఒక పిల్లవాడు నా అద్దం పట్టుకొని ఓ పక్కకు కూర్చునేవాడు. అద్దంలో రాముడు చిన్నగా, కుడి ఎడమలు మారిపోయి కనిపించేవాడు. నాకు నేరుగా కనిపించేవి జనం ముఖాలే. బొమ్మ నిలబడ్డాక కూడా ఇంటివాళ్లు పోనిచ్చేవారు కాదు. 'ఐపోయేదాక ఉండు కొడుకా, మల్ల తిరిగితే ఎట్ల?' అని గోడకూ టీవీకీ నడుమ ఉన్న ఆ సందులోనే నిలబెట్టేవారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. పని నన్ను ఈ మూడు ఊళ్లకూ తిప్పింది. రామాయణం ముగిసి, మహాభారతం మొదలై అదీ ముగిసేదాకా ఆ సందులో నిలబడి చూసిన మనిషిగా నాకొక మాట చెప్పాలని ఉంది. ఆ రోజుల గురించి ఎవరు రాసినా దండలు, కొబ్బరికాయలు, ఖాళీ వీధులు, చివరికి 'అమాయకపు జనం' అని రాస్తారు. దండలు నిజం. కొబ్బరికాయలు నిజం. వీధులు ఖాళీ కావడమూ నిజమే. అమాయకత్వం అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. ఏ ఊరు ఏ భాగానికి ఏడ్చిందో, ఎవరిని తిట్టిందో, ఎక్కడ ముఖం తిప్పుకుందో దగ్గరినుంచి చూశాను. ఆ ఏడుపులో తీర్పు ఉంది. కథను తమ బతుకు మీద పెట్టి కొలిచి, ఇది న్యాయం, ఇది కాదు అని చెప్పిన తీర్పు.

మొదటి వారాల్లో జగిత్యాలలో కన్నీళ్లు లేవు. అనుమానం ఉంది. రాముడంటే మనవాళ్లకు రామారావు. 1963లో వచ్చిన 'లవకుశ'ను ఎన్నిసార్లు ఆడించినా టాకీసు నిండిన ఊళ్లు ఇవి. పైగా అప్పుడు ఆయనే ముఖ్యమంత్రి. రావణుడూ ఆయనే, కృష్ణుడూ ఆయనే, దుర్యోధనుడూ ఆయనే అయి చూపించిన ముఖం ముందు అరుణ్ గోవిల్ కొత్తవాడు. 'గీయన రాముడా? బుగ్గలు పట్టుకుంటే పాలు కారేటట్టున్నడు' అని ఒక పెద్దాయన అంటే ఇల్లంతా నవ్వింది. సీత వేషం వేసిన దీపికా చిఖలియాను మాత్రం ఆడవాళ్లు మొదటి వారమే ఒప్పుకున్నారు. హనుమంతుడిగా దారాసింగ్ వచ్చిన రోజు ఇక ఎవరూ ఏ పోలికా తేలేదు.

భాష కూడా అడ్డే. ఉర్దూ మీడియంలో చదివిన పాతతరం మగవాళ్లకు కూడా ఆ సంస్కృతపు హిందీ పూర్తిగా అందేది కాదు. అయినా ఎవరూ కథ తప్పిపోలేదు. చిందు భాగోతం చూసినవాళ్లు, ఒగ్గు కథ విన్నవాళ్లు, ధర్మపురి జాతరకు ఏటేటా పోయేవాళ్లు. రాత్రంతా కూర్చొని వేషగాళ్లు పాడే పద్యానికి తప్పొప్పులు చెప్పగలిగిన జనం. వాళ్లు టీవీ ముందు కూర్చున్నది కథ తెలుసుకోవడానికి కాదు. తెలిసిన కథను ఈ కొత్త మేళం ఎట్లా ఆడుతుందో చూడడానికి.

అట్లా చూస్తున్నవాళ్లను వనవాసం భాగాలు మార్చేశాయి. కైకేయి వరాలు అడిగింది, దశరథుడు కూలబడ్డాడు, రాముడు నారచీరలు కట్టాడు. ఆ వారం నేను బస్టాండు వైపు ఒక ఇంట్లో ఉన్నాను. చుట్టుపక్కల పల్లెల నుంచి అంగడి పనికి వచ్చినవాళ్లు కూడా ఆ ఇంట్లో కూర్చునేవారు. గుమ్మం దగ్గర ఒక పెద్దవయసు తల్లి ఉంది. మిగతా ఆడవాళ్లు కైకేయిని, మంథరను నోరారా తిడుతున్నారు. ఆమె తిట్టలేదు. తెర మీద కౌసల్య రాముణ్ని పట్టుకొని ఏడుస్తుంటే ఆమె ముఖం బండరాయి అయింది. కాసేపటికి నెమ్మదిగా, పక్కనున్న ఆమెతో అంది:

'ఆమెకు లెక్కన్న చెప్పిండ్రు. పద్నాలుగేండ్లని.'

ఇల్లు ఒక్కసారిగా చల్లబడింది. తిట్లు ఆగిపోయాయి. ఆమె కొడుకు అడవికి పోయినవాడని అందరికీ తెలుసు. జగిత్యాల చుట్టూ ఆ మాటకు వేరే వివరణ అక్కరలేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరువాతి ఏళ్లలో దొరల గడీలు ఖాళీ అయ్యాయి, పోలీసు క్యాంపులు వెలిశాయి, ఎన్నో ఇళ్లలో ఒక కొడుకు మాయమయ్యాడు. వాళ్ల గురించి గట్టిగా ఏడవడానికి కూడా భయమే. ఎవరు వింటున్నారో తెలియదు. ఏడిస్తే కొడుకు సంగతి తెలిసినట్టే కదా అని అడిగేవాళ్లు ఉన్నారు.

ఆమె ఆ రోజు ఏడ్చింది. దశరథుడు రాముని పేరు పిలుస్తూ ప్రాణం విడిచిన వారం ఇంకా ఎక్కువ ఏడ్చింది. ఆమెతోపాటు ఇల్లంతా ఏడ్చింది. బయట ఎవరైనా అడిగితే, రామాయణం చూసి ఏడుస్తున్నామని చెప్పవచ్చు. అంతకంటే పక్కా జవాబు ఆ రోజుల్లో దొరకదు. రామారావు రాముడా, గోవిల్ రాముడా అన్న ముచ్చట ఆ తరువాత ఆ ఇంట్లో రాలేదు.

లక్ష్మణుడు శక్తి తగిలి పడిపోయిన భాగం వచ్చినప్పుడు జగిత్యాల వేరే రకంగా కదిలింది. హనుమంతుడు సంజీవని కొండ ఎత్తుకొని ఆకాశంలో పోతున్నాడు. జగిత్యాలకు దగ్గరలోనే కొండగట్టు ఉంది. సంజీవని తెస్తుండగా విరిగిపడిన ముక్కే ఆ కొండ అని మా ప్రాంతపు స్థలపురాణం. అద్దం పట్టుకున్న పిల్లవాడు అద్దం వదిలేసి తెరవైపు తిరిగాడు. పిల్లలందరూ దారాసింగ్ చేతిలోని కొండనే చూస్తున్నారు, ముక్క ఎప్పుడు ఊడిపడుతుందా అని. పడలేదు. 'మన గుట్టను ఇడిచిపెట్టిండ్రు' అని ఒక పిల్లవాడు ఏడుపు ముఖం పెట్టాడు. వాళ్ల నానమ్మ వాణ్ని దగ్గరకు తీసుకొని చెప్పింది: 'బొంబాయోళ్లకు ఏం ఎరుక బిడ్డా? వాళ్లకు ఎరుక లేకుంటే గుట్ట లేకుండ పోతదా?' వచ్చే మంగళవారం వాణ్ని కొండగట్టుకు తీసుకుపోతానని మాట ఇచ్చింది. టీవీ చెప్పిందే నిజమని నమ్మే మనుషులు అట్లా మాట్లాడరు.

1988లో నేను కోరుట్లకు మారాను. అక్కడి టీవీలు వేరు. గల్ఫ్‌కు పోయినవాళ్లు తెచ్చిన రంగుల టీవీలు, రెండు స్పీకర్ల టేప్‌రికార్డర్లు చిన్న పెంకుటిళ్లలో కూడా కనిపించేవి. సౌదీ నుంచి వచ్చిన కొన్నింటికి ఇక్కడి కరెంటు పడక ట్రాన్స్‌ఫార్మర్ కట్టాల్సి వచ్చేది. ఆ ఇళ్లలో మగవాళ్లు తక్కువ. మామలు, పిల్లలు, కోడళ్లు. దుబాయి నుంచి ఉత్తరాలు వచ్చేవి, కొందరు మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపేవారు. రేడియో మెకానిక్‌ను కాబట్టి, తెగిన క్యాసెట్ టేపు అతికించమని తెచ్చేవారు. అతికాక వినిపించి చూడాలి. రెండు ముక్కలు వినగానే ఆపేసి ఇచ్చేసేవాణ్ని.

కోరుట్లలో ఇంటింటా బీడీల పని. ఆడవాళ్లు ఒళ్లో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, ఇరవై అయిదింటికి ఒక కట్ట చొప్పున వేసేవారు. టీవీ ముందు కూడా చాటలతోనే కూర్చునేవారు. సాయంత్రం కార్ఖానాలో లెక్క అప్పజెప్పాలి, ఆదివారమని పని ఆపితే కూలి పోతుంది. కళ్లు తెర మీద, వేళ్లు ఆకు మీద. అలవాటైన వేళ్లు చూడకుండానే చుట్టేవి. అందుకే కోరుట్లలో నేను ముఖాలకంటే చేతులను చూసేవాణ్ని. ఏ భాగం వాళ్లకు తగిలిందో చేతులు చెప్పేవి. యుద్ధాలు ఎంత భారీగా జరిగినా చేతులు ఆగలేదు. బాణాలు బాణాలు కొట్టుకొని మెరుపులు వస్తుంటే పిల్లలు అరిచేవారు, వాళ్లు కట్టలు కట్టుకుంటూ ఉండేవారు. ఇంద్రజిత్తు శవం ముందు మండోదరి ఏడ్చినప్పుడు ఆగాయి. 'పగోళ్ల కొడుకైతేంది, కొడుకు కొడుకే' అని ఒకావిడ అంది.

అగ్నిపరీక్ష భాగం నాకు బాగా గుర్తుంది. సీత నిప్పుల వైపు నడుస్తుండగా వరుసగా అందరి చేతులూ ఆగాయి. ఆ సీరియల్‌లో సాగర్ ఆ ఘట్టానికి ఒక సమాధానం చెప్పాడు. అపహరణకు ముందే రాముడు అసలు సీతను అగ్నికి అప్పగించాడని, లంకలో ఉన్నది ఛాయ అని, ఇప్పుడు అగ్ని నుంచి అసలు సీతను తిరిగి తీసుకుంటున్నాడని. హిందీ తెలిసిన ఒక అబ్బాయి అది తెలుగులో చెప్పాడు. విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. తరువాత ఒక కోడలు, పెళ్లయిన రెండు నెలలకే భర్త దుబాయి పోయినామె, ఆకు మీది కత్తెర తీసి మళ్లీ కత్తిరించడం మొదలుపెట్టి అంది:

'మాయసీత అయితే నిప్పులెందుకు? వచ్చినోడు ముందుగాల ఇంట్ల ఉన్నదాన్నే లెక్క అడుగుతడు. గదే ఉన్నది గక్కడ.'

ఆమె అత్త పక్కనే ఉంది. కోడలిని కసురుతుందేమో అనుకున్నాను. కసరలేదు. ఆమె కూడా ఒకప్పుడు బొంబాయి మిల్లుకు పోయిన భర్త కోసం ఎదురుచూసిన మనిషే. 'నిజమే' అని మాత్రం అంది. దేశమంతా దండాలు పెడుతున్న సీరియల్ ముందు కూర్చొని, దండం పెట్టిన చేతులతోనే, వాళ్లు ఆ సమాధానాన్ని ఒప్పుకోలేదు. రాముణ్ని తిట్టలేదు, భక్తి పోగొట్టుకోలేదు. న్యాయం జరిగిందని మాత్రం అనలేదు.

ఆఖరి భాగాల్లో అందరూ అయోధ్యకు తిరిగివచ్చినప్పుడు రాముడు, భరతుడు కలుసుకోవడానికి మగవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆడవాళ్లు ఊర్మిళ కోసం చూశారు. 'ఊర్మిళాదేవి నిద్ర' అని మన ఆడవాళ్లు తరతరాలుగా పాడుకున్న పాట ఒకటుంది. లక్ష్మణుడు అడవిలో ఉన్న పద్నాలుగేళ్లూ ఆమె నిద్రపోయిన కథ. ఆ ఇంట్లో ఒక ముసలమ్మకు అది మొత్తం వచ్చు. ఎపిసోడ్ అయిపోయి టీవీ బందు చేశాక, ఎవరూ అడగకుండానే, చాటలో బీడీలు చుట్టుకుంటూ ఆమె ఆ పాట ఎత్తుకుంది. చుట్టూ ఉన్న కోడళ్లలో ఎందరి భర్తలు ఎడారిలో ఉన్నారో నాకు తెలుసు. టీవీ చూస్తున్నప్పుడు ఏడవనివాళ్లు అప్పుడు ఏడ్చారు. నేను సంచి సర్దుకోవడం ఆపి, పాట అయ్యేదాకా ఉన్నాను.

1988 జులై 31న రామాయణం ముగిసింది. అక్టోబర్ 2న బి.ఆర్. చోప్రా 'మహాభారత్' మొదలైంది. తిరుగుతున్న చక్రం, కాలమే కథ చెబుతున్నట్టు హరీష్ భిమానీ గొంతు. కోరుట్లలో మా వీధి చివర ఒక విశ్రాంత ఉర్దూ మాస్టారు ఉండేవారు. అందరూ మాస్టర్ సాబ్ అనేవారు. ఆ సీరియల్ మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా అని తెలిసినప్పటినుంచి ఆయన ఆదివారం ఎక్కడికీ కదలలేదు. ముందు వరుసలో కూర్చొని మాటలు తెలుగులో చెప్పేవారు. సంస్కృతపు పదం దగ్గర ఆగిపోతే ఆడవాళ్లు కథ అందించేవారు. 'గప్పుడు గంగమ్మ పిల్లలను నీళ్లల్ల ఇడిచిపెడుతది సాబూ' అని వాళ్లు, 'అచ్ఛా, అందుకే రాజు అడుగుతున్నడు' అని ఆయన. గంగ ఏడుగురు పిల్లలను నదిలో వదిలిన భాగానికి ఆయన మాటలు ఆగిపోయాయి. తర్జుమా చేయలేదు. ఎవరూ చెప్పమనలేదు కూడా. ఆయన ఇంట్లోనూ పుట్టి పోయిన పిల్లలు ఉన్నారని ఆ వీధికి తెలుసు.

1989లో సిరిసిల్ల వచ్చాను. మానేరు ఒడ్డున నేతగాళ్ల ఊరు. పగలూ రాత్రీ సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు. అక్కడ టీవీ శబ్దం సరిపోదు, స్పీకర్ మార్చి పెద్దది పెట్టమనేవారు. పన్నెండు గంటల పని, నేసిన బట్టను బట్టి కూలి. గంట ఆపితే ఆ గంట కూలి నేతగాడిదే పోతుంది. అయినా ఆదివారం మహాభారతం వేళకు మేమున్న వాడలో సాంచెలు ఆగేవి. ఒక్కొక్క షెడ్డూ ఆగుతుంటే చప్పుడు తగ్గుతూ వచ్చి, ఆఖరికి టీవీ శంఖం ఒక్కటే వినిపించేది. మార్కండేయుడు మూలపురుషుడనీ, భావనారుషి దేవతలకు బట్ట నేసి ఇచ్చాడనీ కూనపులివాళ్లు పటం విప్పి చెబుతుంటే విన్న పద్మశాలీలు వాళ్లు. కథను బొమ్మల్లో చూడడం వాళ్లకు తాతల నాటి అలవాటు.

సిరిసిల్లలో ఒక విశేషం ఉండేది. దుర్యోధనుడంటే అక్కడ లోపల ఎక్కడో ఇష్టం. 1977లో వచ్చిన 'దాన వీర శూర కర్ణ'లో రామారావు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే అయి వేశాడు. దానికి పాటలు రాసిన సినారె ఈ పక్కనున్న హనుమాజీపేటలో పుట్టినవాడు. అందులోని సుయోధనుడి మాటలు ఊళ్లో చాలామందికి నోటికి వచ్చు. కాబట్టి పునీత్ ఇస్సార్ గద ఎత్తుకొని వచ్చినా మొదట్లో ఈలలు పడ్డాయి. జూదం భాగం దాకా అట్లాగే ఉంది.

వస్త్రాపహరణం వచ్చిన ఆదివారం ఒక ఆసామి ఇంట్లో ఉన్నాను. సాంచెలు నడిపేవాళ్లు, కండెలు చుట్టే ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు అందరూ అక్కడే. ద్రౌపదిని జుట్టు పట్టి సభలోకి ఈడ్చుకొచ్చారు. రూపా గంగూలీ ఒక్కొక్కరి ముందుకు పోయి అడుగుతోంది, తనను తాను ఓడినవాడికి నన్ను పణం పెట్టే హక్కు ఎక్కడిదని. దుర్యోధనుడి మీద ఉన్న ఇష్టం ఆ పది నిమిషాల్లో ఆ ఇంట్లో చచ్చిపోయింది. కానీ తిట్లు ఎక్కువగా పడింది అతనికి కాదు, దుశ్శాసనుడికి కూడా కాదు. భీష్ముడికి. తల వంచుకొని కూర్చున్న ముఖేష్ ఖన్నాను చూసి కండెలు చుట్టే ఒక ఆవిడ లేచి నిలబడింది.

'ఓ పెద్దమనిషీ! నోరు పడిపోయిందా నీకు? గందుకేనా నిన్ను కుర్చీల కూసోవెట్టింది?'

ఎవరూ ఆమెను కూర్చోమనలేదు. కుల పంచాయితీల్లో ఆడవాళ్ల తగువులు ఎట్లా తీరుతాయో ఆ గదిలో అందరికీ తెలుసు. తాగి కొట్టే మొగుడి మీద ఫిర్యాదు చేస్తే, పెద్దమనుషులు నేల చూపులు చూసి 'సర్దుకపో బిడ్డా' అని లేచిపోయిన రోజులు అక్కడున్న చాలామందికి సొంతం. ముందు వరుసలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు తెరకేసి కూడా చూడలేకపోయారు. టీవీ వెనకనుంచి వాళ్ల ముఖాలు చూస్తున్నది నేనొక్కణ్నే.

కృష్ణుడు చెయ్యెత్తాడు. చీర వస్తూనే ఉంది. నేత తెలిసిన కళ్లు దాన్ని చూశాయి. ఒక ముసలి నేతగాడు, మగ్గం మీద పని నేర్చి తరువాత సాంచెల మీదికి వచ్చినవాడు, చేతులు జోడించి గట్టిగా అన్నాడు: 'గా చీరె ఎవరు నేసిండ్రనుకుంటున్నరు? భావనారుషి. దేవునికన్న బట్ట మనోళ్లే ఇయ్యాలె.' ఏడుస్తూనే అన్నాడు, గర్వంగా కూడా అన్నాడు. దేశంలో కోట్లమంది ఆ దృశ్యంలో దేవుడి మహిమ చూసి ఉంటారు. సిరిసిల్ల అందులో తన పని చూసుకుంది. మానం కాపాడేది బట్ట, బట్ట ఇచ్చేది మేము అని.

అభిమన్యుడి వధ 1990లో వచ్చింది. ఆ భాగానికి సిరిసిల్లలో మగవాళ్లు ఏడ్చారు. పద్మవ్యూహంలోకి పోవడం తెలుసు, బయటికి రావడం తెలియదు. గదిలో వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ ఒక నేతగాడి చేతులు కొడుకు భుజాల మీద ఉన్నాయి. ఆ పిల్లవాడు బడి మాని అప్పటికే సాంచెల దగ్గర కండెలు అందిస్తున్నాడు. ఆ తండ్రి మెల్లగా అన్నాడు: 'లోపటికి పోవుడు మేమే నేర్పినం. ఎల్లుడు మాకే రాదాయె.'

ఆ మాట నన్ను తరువాత చాలా ఏళ్లు వెంటాడింది. తొంభైల చివర, ఆపైన సిరిసిల్లలో పని లేక, అప్పు తీరక నేతగాళ్లు ఒకరి వెనక ఒకరు ప్రాణాలు తీసుకున్నారు. పత్రికలు ఊరి పేరునే మార్చి ఉరిసిల్ల అని రాశాయి. ఆ వార్తలు చదివిన ప్రతిసారీ నాకు ఆ తండ్రి గొంతు వినిపించింది. వ్యూహం సంగతి అతను అప్పటికే గుర్తుపట్టాడు. ఒక టీవీ సీరియల్ ముందు నిలబడి, పదేళ్ల ముందే చెప్పాడు.

1990 జూన్ 24న మహాభారతం ముగిసింది. ఆ తరువాత కేబుల్ వచ్చింది, ఈటీవీ, జెమినీ వచ్చాయి. తెలుగు సీరియళ్లు వచ్చాయి. మంజులా నాయుడు తీసిన 'ఋతురాగాలు', తరువాత 'చక్రవాకం', 'మొగలిరేకులు' వేళకు అన్నం గిన్నెలు టీవీ ముందుకే వచ్చేవి. వాటికీ మనుషులు ఏడ్చారు. పాత్రల కష్టాలు పొద్దున బావి దగ్గర, బీడీల కార్ఖానా దగ్గర చెప్పుకున్నారు. కానీ ఇంటింటికీ టీవీ అయింది. ఒక ఇంటి ఏడుపు ఇంకో ఇంటికి తెలియదు. ఎవరైనా గట్టిగా ఒక మాట అంటే దాన్ని విని తల ఊపేందుకు నలభై మంది గదిలో లేరు. పెద్దమనిషిని పెద్దమనిషి ముందే నిలదీసే అవకాశం పోయింది. నా పని కూడా మారిపోయింది. పిక్చర్ ట్యూబుల కాలం అయిపోయింది, ఇప్పటి పలచటి టీవీల వెనక మనిషి నిలబడే అవసరమే లేదు.

2020 మార్చి 28న, లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే దూరదర్శన్ రామాయణాన్ని మళ్లీ వేసింది. సిరిసిల్లలో సాంచెలు ఆగి ఉన్నాయి, ఈసారి సీరియల్ కోసం కాదు. భివండీ నుంచి, సూరత్ నుంచి మనవాళ్లు ఎట్లా వస్తారో తెలియదు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు విమానాలు లేవు. ఏప్రిల్ 16న వేసిన భాగాన్ని 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. మా ఇంట్లో నా భార్య, నేను, మనవరాలు చూశాం. వనవాసం భాగం వచ్చినప్పుడు మనవరాలు అడిగింది, రాముడు నడిచే పోవాలా, బండి లేదా అని. అదే రోజుల్లో ఫోన్లలో, వార్తల్లో మూటలు నెత్తిన పెట్టుకొని హైవేల మీద నడుస్తున్నవాళ్లను ఆ పిల్ల చూస్తోంది. ఆ ప్రశ్నతో నా భార్య ఏడ్చింది. ముప్పై మూడేళ్ల కింద జగిత్యాల ఇంట్లో వనవాసానికి ఒక అర్థం ఉంది, 2020లో ఇంకో అర్థం. తీసిన బొమ్మ అదే, ఒక్క ఫ్రేము మారలేదు.

ఎంతమంది చూశారన్న లెక్క దూరదర్శన్ దగ్గర ఉంది. ఎందుకు ఏడ్చారన్నది ఎవరి దగ్గరా లేదు. నటుల జ్ఞాపకాలు అచ్చయ్యాయి, షూటింగు ముచ్చట్లు ఇంటర్వ్యూల నిండా ఉన్నాయి. కోరుట్లలో బీడీలు చుట్టిన కోడలు అగ్నిపరీక్ష గురించి చెప్పిన మాట మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. మన ప్రాంతపు ఆడవాళ్లు, నేతగాళ్లు ఇతిహాసాలను ఎట్లా అర్థం చేసుకున్నారో తెలుసుకోవాలంటే అవే అసలైన ఆధారాలు. పండితుల వ్యాఖ్యానాల పక్కన పెట్టదగినవి. వాటిని చెప్పినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లకు డెబ్బై దాటాయి.

అందుకే నాకు తెలిసినంత రాశాను. ఇది చదివినవాళ్లు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చొని అడగండి: ఆ రోజుల్లో ఏ భాగానికి ఏడ్చావవ్వా, ఎందుకు? 'గుర్తులేదు బిడ్డా' అని మొదట అంటారు. తొందరపడి లేవకండి. కాసేపటికి వాళ్లు చెప్పడం మొదలుపెట్టేది సీతమ్మ కథ కాదు, వాళ్ల కథ. దాన్ని వాళ్ల మాటల్లోనే రాసి పెట్టండి.